ఎగబడి కుట్టే మెల్లిఫెరా తేనెటీగల పెట్టెలో రాణిని మార్చడం

మెల్లిఫెరా (ఇటాలియన్ తేనెటీగ) పెట్టె మూత తీయగానే ముసురుకుని, దూరం దాకా తరిమి కుట్టే గుణం చాలావరకు రాణి నుంచి, అది జతకట్టిన పోతుటీగల నుంచి వస్తుంది. కూలి ఈగలన్నీ వాటి పిల్లలే కదా. అయితే పూత లేని రోజుల్లో, పక్క పెట్టెల ఈగలు తేనె దోచుకుంటున్నప్పుడు, రాణి చనిపోయినప్పుడు సాధువైన పెట్టె కూడా కుడుతుంది. ముందు చక్కెర పాకం పెట్టి రెండు వారాలు చూడండి. తగ్గకపోతేనే రాణిని మార్చాలి.

గుడ్లు పెడుతున్న కొత్త రాణి చేతికొచ్చాకే పాతదాన్ని వెతకండి. అది నెమ్మదైన పెట్టెలో పుట్టిన మెల్లిఫెరా రాణే అయ్యుండాలి, ఇండికా (మన నాటు తేనెటీగ) రాణి ఇక్కడ పనికిరాదు.

అసలు కష్టం పాత రాణిని పట్టడంలోనే ఉంది. పశువులను దూరంగా కట్టేయండి. ఎండ కాసే రోజు, ఈగలు మేతకు జోరుగా తిరిగే వేళ పెట్టెను 4, 5 మీటర్లు పక్కకు జరిపి, పాత చోట రెండు ఫ్రేములతో (పట్టు కట్టే చట్రాలతో) ఖాళీ పెట్టె ఉంచండి. ఎక్కువగా కుట్టేది మేతకెళ్లే ముసలి ఈగలే, అవి తిరిగొచ్చి అక్కడే దిగుతాయి. గంటా రెండు గంటలు ఆగితే జరిపిన పెట్టె పలచబడుతుంది. ఇప్పుడు కొద్దిగా పొగ పట్టి, గుడ్లున్న ఫ్రేముల మీద వెతకండి. పొగ మరీ ఎక్కువైతే రాణి పరుగెత్తి మూలల్లో దాక్కుంటుంది. ఈగ కుడితే ఆ చోట అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది మిగతావాటిని రెచ్చగొడుతుంది. ముల్లు గీకేసి వెంటనే అక్కడ పొగ పట్టండి.

పాత రాణిని చంపి, సాయంత్రం పెట్టెను పాత చోటికి చేర్చి, రెండింటి ఈగలనూ ఒకటి చేయండి.

మర్నాడు కొత్త రాణిని పంజరంలో ఉంచి, పిల్ల (ఎదుగుతున్న పురుగులు) ఉన్న రెండు ఫ్రేముల నడుమ జాలి ఈగలకు తగిలేలా బిగించండి. వెంట వచ్చిన పరిచారక ఈగలను తీసేయాలి. పంజరం మూతిలో చక్కెర పొడి, తేనె కలిపిన గట్టి ముద్ద పెట్టి, పైన టేపు అంటించండి. ముద్ద పలచనైతే వేడికి కరిగి రాణికి అంటుకుంటుంది.

నాలుగో రోజు ఈగలు జాలిలోంచి రాణికి మేత పెడుతూ, వేలితో నెడితే సులువుగా తొలగిపోతే టేపు తీయండి. ముద్ద తింటూ అవే దారి చేస్తాయి. జాలిని కొరుకుతూ గుంపుగా పట్టుకుని వదలకపోతే టేపు ఉంచేయండి. ఎక్కడో సొంతంగా రాణిని పెంచుకునే గది కడుతున్నాయన్నమాట. ప్రతి ఫ్రేము మీది ఈగలను దులిపి చూసి, అలాంటి గదులను ఒక్కటీ మిగలకుండా నలిపేయాలి. ఒక్కటి మిగిలినా కొత్త రాణికి చావే.

రాణి బయటికొచ్చాక వారం దాకా మూత తీయొద్దు. ఆపైన గుడ్లుంటే చాలు, రాణిని వెతకక్కర్లేదు.

కుట్టడం మాత్రం వెంటనే తగ్గదు. పాత రాణి ఆఖరి గుడ్డు కూలి ఈగ కావడానికి 21 రోజులు, ఆ ఈగ బతికేది మరో 5, 6 వారాలు. అప్పటిదాకా ముసుగు, చేతి తొడుగులు తప్పవు. పోతుటీగల పిల్ల గదులున్న పట్టును కోసేయండి, లేకపోతే ఆ పోతుటీగలతో జతకట్టే చుట్టుపక్కల రాణుల పిల్లలకూ అదే గుణం పాకుతుంది.