నీళ్ల తాబేలు ఎందుకలా చేస్తోంది? ఏది మామూలు, ఏది సమస్య

మన హైదరాబాద్‌లో ఇళ్లల్లో పెంచుకునే నీళ్ల తాబేళ్లు చాలావరకు రెడ్ ఇయర్డ్ స్లైడర్లే, కంటి వెనక ఎర్ర పట్టీ ఉంటుంది చూడండి, అవి. వీటి సొంతూరు అమెరికాలో మిసిసిపి నది ప్రాంతం. మన దేశపు తాబేళ్లని ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది, ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి. తాబేలు ఒంట్లో వేడి మొత్తం నీళ్లనీ ఎండనీ బట్టే ఉంటుంది, అందుకే ఏ తేడా కనిపించినా మందుల కోసం పరిగెత్తే ముందు నీళ్లలో ఒక థర్మామీటర్ పెట్టి చూడండి, సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి.

తినట్లేదు, మూలకి పోయి కూర్చుంటోంది

డిసెంబర్, జనవరిలో ఈ కంప్లైంట్ ఎక్కువ. రాత్రిళ్లు సిటీలో 12, 13 డిగ్రీలకి పడిపోతుంది, బాల్కనీలో టబ్ ఉంటే ఆ నీళ్లలో చెయ్యి పెడితే మనకే జివ్వుమంటుంది, అంత చల్లటి నీళ్లలో దానికి తిన్నది అరగదు కాబట్టి అదే తిండి మానేస్తుంది. చలికాలం నిద్రలే అని చాలామంది వదిలేస్తారు, దయచేసి అలా చేయకండి, మన చలికి అది సరిగ్గా నిద్రా పోదు, తినా తినదు, నీరసించి చివరికి నిమ్ము చేస్తుంది. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. లీటరుకి ఒక వాట్ లెక్కన ట్యాంక్ హీటర్ తీసుకోండి, ప్లాస్టిక్ గార్డ్ ఉన్నదే కొనండి, గాజుదైతే ఢీకొట్టి పగలగొట్టేస్తుంది. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపేయాలి.

ఇంకోటి, నీళ్లు వెచ్చగానే ఉన్నా తినట్లేదంటే ఎక్కడ పెట్టి తినిపిస్తున్నారో చూడండి. ఇది నీళ్లలోనే మింగగలదు, నేల మీద పెట్టి నోటి దగ్గర ఆకు ఊపితే లాభం లేదు.

ఒక పక్కకి ఒరిగి ఈదుతోంది, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది

ముక్కులోంచి బుడగలు కూడా వస్తుంటే దాదాపు నిమ్మే. ఇంటి వైద్యాలు వద్దు, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. కుక్కలు పిల్లులు మాత్రమే చూసే క్లినిక్ కాకుండా ఎగ్జాటిక్ పెట్స్ (తాబేళ్లు, పక్షుల్లాంటి పెంపుడు జీవాలు) చూసేవాళ్లా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. తీసుకెళ్లేటప్పుడు నీళ్లలో కాదు, తడి టవల్ వేసిన డబ్బాలో పెట్టండి.

రోజంతా గ్లాస్ గీకుతోంది

మనల్ని చూసి తిండి అడగడానికి కొంచెంసేపు గీకితే మామూలే. ఆపకుండా గీకుతుంటే చోటు చాలట్లేదని అర్థం. వాస్తుకి మంచిదని హాల్లో చిన్న గాజు బౌల్‌లో పెడతారు చూడండి, నాకు చాలా బాధగా ఉంటుంది, రూపాయి బిళ్లంత పిల్ల పెరిగి ఆడదైతే 10, 12 అంగుళాలు అవుతుంది, 20 ఏళ్ల పైన బతుకుతుంది. చిప్ప పొడవు అంగుళానికి 40 లీటర్ల నీళ్లు అని లెక్క వేసుకోండి. అంత ట్యాంక్ పెట్టలేకపోతే బాగా చూసుకునేవాళ్లకి ఇవ్వండి కానీ దుర్గం చెరువులోనో హుస్సేన్ సాగర్‌లోనో వదలకండి, అక్కడి మన తాబేళ్ల తిండికీ చోటుకీ ఇది పోటీ వస్తుంది.

రాయి మీద నుంచి దిగట్లేదు, లేదా అసలు ఎక్కట్లేదు

కాళ్లు వెనక్కి చాపి, మెడ సాగదీసి, కళ్లు మూసుకుని గంటలు గంటలు ఎండ కాగడం దాని దినచర్య, భయపడకండి. కానీ ఎప్పుడూ పైనే ఉంటే నీళ్లు చల్లగా అయినా ఉండాలి, మురికిగా అయినా ఉండాలి. అసలు ఎక్కకపోతే రాయి జారుతుందేమో, ఆ చోట వేడి లేదేమో చూడండి, అక్కడ 32 డిగ్రీల దాకా ఉండాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో యూవీబీ (చిప్ప గట్టిగా ఉండటానికి దానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలు) ఉండదు, బాల్కనీ ఎండ తగలాలి లేదా యూవీబీ బల్బ్ పెట్టాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం నీడ లేని టబ్‌లో వదిలేస్తే గంటలోనే ప్రాణం పోవచ్చు.

కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి

ఎండు రొయ్యలు మాత్రమే పెట్టే ఇళ్లలో ఇది బాగా చూస్తాం. విటమిన్ ఏ తగ్గడం ఒక కారణం, మురికి నీళ్లు ఇంకో కారణం. మంచి పెల్లెట్లు (తాబేళ్ల కోసం అమ్మే తిండి గుళికలు), తురిమిన క్యారెట్ మొదలుపెట్టండి, నీళ్లు మార్చండి, కొళాయి నీళ్లైతే క్లోరిన్ పోగొట్టి పోయండి. కళ్లు పూర్తిగా మూసుకుంటే తిండి కనపడదు, అప్పుడు డాక్టరే.

చిప్ప పొరలు ఊడుతున్నాయి

పల్చగా, పారదర్శకంగా ఊడితే పెరుగుతోందని. మెత్తబడి, వాసన వస్తే కుళ్లు పడుతోందని, డాక్టర్‌కి చూపించాలి. పొరల్ని మీరు పీకకండి. తాబేల్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దాని మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త.

ఇంకో తాబేలు మొహం ముందు గోళ్లు వణికిస్తోంది

మగది ఆడదాన్ని మెప్పించే పద్ధతి, దెబ్బలాట కాదు. ఆడది కొరుకుతున్నా పారిపోతున్నా విడదీయండి.

వెనక కాళ్లతో తవ్వుతోంది, తిండి తగ్గించింది

ఇది గుడ్ల టైమ్, మగది లేకపోయినా పెడుతుంది. తడి మట్టి, ఇసుక కలిపి తను మునిగేంత లోతుగా టబ్ నింపి అందులో వదలండి, ఎవరూ కదిలించకుండా చూడండి. రోజుల తరబడి తవ్వుతూ గుడ్లు పెట్టకుండా డల్ అయిపోతే లోపల ఇరుక్కున్నాయేమో ఎక్స్‌రే తీయించాలి, ఆలస్యం చేయొద్దు.