పరపతి చూసి మెయిల్‌ను వడకట్టడం – 4వ పాఠం: బ్లాక్‌లిస్టు జవాబును చదవడం

గత పాఠంలో లాగ్‌లోంచి పంపే సర్వర్ ఐపీని పట్టుకున్నాం. ఆ ఐపీకి బయట ఎలాంటి పేరుందో బ్లాక్‌లిస్టును (అనుమానించదగ్గ ఐపీల జాబితాను) అడగడం, వచ్చిన జవాబుకు ఎంత విలువివ్వాలో తేల్చుకోవడం ఈసారి పని.

అడిగేది డీఎన్‌ఎస్ (పేరిస్తే చిరునామా చెప్పే ఇంటర్నెట్ వ్యవస్థ) ద్వారానే. ఐపీలోని నాలుగు సంఖ్యల వరుసను తిరగేసి, వెనక జాబితా పేరు తగిలించాలి. 192.0.2.45 గురించి ఇలాంటి జాబితాలు నడిపే స్పామ్‌హౌస్ సంస్థ వారి జెన్ జాబితాను అడగాలంటే 45.2.0.192.జెన్.స్పామ్‌హౌస్.ఆర్గ్ అన్న పేరును డిగ్ కమాండ్‌తో వెతకండి (టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే). అలాంటి పేరే లేదని వస్తే ఐపీ జాబితాలో లేనట్టు. ఉంటే 127తో మొదలయ్యే చిరునామా వస్తుంది.

చాలామంది ఇక్కడితో ఆగి, ఏ జవాబొచ్చినా తలుపు మూసేస్తారు. అసలు కబురంతా చివరి సంఖ్యలో ఉంటుంది. జెన్‌లో 127.0.0.2, 127.0.0.3 స్పామ్ పంపేవాళ్ళవి. 4 నుంచి 7 దాకా మాల్‌వేర్ సోకినవో, ఇతరుల చేతిలో పడినవో అయిన యంత్రాలు. 10, 11 మాత్రం నేరం కాదు: నేరుగా మెయిల్ పంపే పనిలేని చిరునామాలు, ఎక్కువగా ఇళ్ళ కనెక్షన్లు. మీ సొంత వాడుకరులు పాస్‌వర్డ్ ఇచ్చి 587 పోర్టుకు వచ్చేదీ అలాంటి ఐపీల నుంచే. ఈ తనిఖీని బయటి సర్వర్లు మెయిల్ తెచ్చిచ్చే 25వ పోర్టు దాటనివ్వకండి; దాటిందా, మొదట తిట్టేది మీవాళ్ళే.

ఇంతకన్నా పెద్ద ఉచ్చు ఇంకోటుంది. 127.255.255.254 వచ్చిందంటే ఆ ఐపీ చెడ్డదని కాదు, మీరు పబ్లిక్ రిజాల్వర్ (అందరి తరఫునా డీఎన్‌ఎస్ ప్రశ్నలు అడిగిపెట్టే సర్వర్) ద్వారా అడిగారని. చివర 255 అయితే ప్రశ్నలు మితిమీరాయని. ఈ రెంటినీ ‘జాబితాలో ఉంది’ అని చదువుకున్న సర్వర్, వచ్చిన ప్రతి మెయిల్‌నూ తిప్పికొడుతుంది. సర్వర్‌లోనే అన్‌బౌండ్ లాంటి రిజాల్వర్ పెట్టుకోండి. అది మళ్ళీ పబ్లిక్ రిజాల్వర్‌కే ఫార్వర్డ్ చేస్తుంటే పెట్టినా పెట్టనట్టే.

మూతపడ్డ జాబితాలూ ఒక్కోసారి అందరినీ ‘ఉంది’ అనేస్తాయి. ఇలాంటి జాబితాల గురించి 2010లో వచ్చిన ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5782 ప్రకారం ఐపీవీ4 జాబితాలో 127.0.0.2 తప్పక ఉండాలి, 127.0.0.1 ఉండకూడదు. రోజూ ఈ రెంటినీ అడిగే చిన్న స్క్రిప్టు రాసిపెట్టుకోండి.

ఇక తూకం. మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో వచ్చే కనెక్షన్లను ముందే వడకట్టే భాగం పోస్ట్‌స్క్రీన్. అది జాబితాకో బరువు ఇవ్వనిస్తుంది. జెన్ పక్కన =127.0.0.[2..11]*3 అని రాస్తే ఆ జవాబులకే 3 మార్కులు పడతాయి, 127.255 కోడ్‌లు లెక్కలోకి రావు. మీకు అంత గురిలేని జాబితాకు 1 చాలు. మంచివాళ్ళ జాబితా అయిన డీఎన్‌ఎస్‌డబ్ల్యూఎల్‌కు మైనస్ 2. హద్దు 3: మొత్తం అంతకు చేరితే ఆపేయడమే. అప్పుడు జెన్‌కు చిక్కిన ఐపీ ఆగుతుంది. అదే ఐపీకి మంచిపేరూ ఉంటే 1 మార్కుతో లోపలికొస్తుంది. ఇది నచ్చకపోతే మైనస్ తీసేయండి, కానీ వందలమంది పంచుకునే సర్వర్ ఒక్కరి పాపానికి జాబితాకెక్కిన రోజున దాని విలువ తెలుస్తుంది.

అభ్యాసం: పోస్ట్‌స్క్రీన్‌లోని డీఎన్‌ఎస్‌బీఎల్ (డీఎన్‌ఎస్ బ్లాక్‌లిస్టు) యాక్షన్‌ను ఇగ్నోర్ (ఎవరినీ ఆపకుండా లాగ్‌లో రాయడం) మీదే ఉంచి వారం నడపండి. లాగ్‌లో ‘డీఎన్‌ఎస్‌బీఎల్ ర్యాంక్’ వరుసలు ఏరి, అందులో మీకు కావలసినవాళ్ళెవరైనా ఉన్నారేమో ఒక్కొక్కటీ చూడండి. లేరని తేలాకే ఎన్‌ఫోర్స్‌కు (నిజంగా ఆపేదానికి) మార్చండి. 5వ పాఠానికి ఆ వరుసలు కావాలి, చెరపకండి.