రాత్రి పదింటికీ చల్లబడని పడమటి గోడ

సమస్య: పొద్దు గూకి మూడు గంటలు దాటినా పడకగది సెగలు కక్కుతూనే ఉంటుంది. ఏసీ ఆపిన కాసేపటికే మళ్లీ ఉక్కపోత.

ఖర్చు పెట్టే ముందు అరచేత్తో ఒక పరీక్ష చేయండి. మే నెలలో రాత్రి పదింటికి పడమటి గోడ మీద చెయ్యి ఆనించండి, తర్వాత లోపలి అడ్డగోడ మీద ఆనించండి. మా ఇంట్లో అడ్డగోడ మామూలుగానే ఉండేది. పడమటి గోడ మాత్రం గంజి వార్చి పక్కన పెట్టిన గిన్నెలా తగిలేది. తర్వాత బల్ల ఎక్కి శ్లాబును కూడా తాకి చూడండి. అది గోడకంటే వేడిగా ఉంటే గోడ సంగతి తర్వాత, ముందు పైకప్పు చూసుకోవాలి.

కారణం: 9 అంగుళాల ఇటుక గోడ ఎండను ఆపదు, దాచుకుంటుంది. బయటి వేడి లోపలి ముఖానికి చేరడానికి సుమారు ఏడెనిమిది గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడింటి ఎండ మీరు నిద్రపోయే వేళకు మంచం పక్కకు వస్తుందన్నమాట. చాలామంది దక్షిణపు గోడకు భయపడతారు. కానీ మే రెండో వారానికల్లా హైదరాబాదులో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, కాబట్టి ఆ గోడకు సజ్జా నీడ చాలు. సాయంత్రం వాలుగా కొట్టే ఎండకు సజ్జా అడ్డు రాదు. అందుకే ముందు పడమర, డబ్బు మిగిలితే తూర్పు.

పరిష్కారం మీ ఇల్లు ఏ దశలో ఉందో దాన్ని బట్టి మారుతుంది. గోడలు లేవకముందైతే పడమర వైపు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు) కట్టించండి. అంతే మందం మట్టి ఇటుక గోడతో పోలిస్తే వాటి గుండా వచ్చే వేడి సగానికంటే తక్కువే.

ఇటుక గోడ లేచిపోయి, బయటి ప్లాస్టరింగ్ మిగిలి ఉంటే అదే మంచి అదను, పరంజా ఎలాగూ కట్టే ఉంటుంది. గోడకు బయటి వైపు 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి నురుగు పలక) అతికించి, బిగించి, మెష్ (జాలీ) పరిచి పూత వేయించాలి. ఆ బోర్డు మండే గుణం ఉన్నది, పూత లేకుండా వదలకూడదు. క్యూరింగ్ నీళ్లు పూర్తిగా ఆరకముందే తొందరపడి మూసేయవద్దు. గోడ రెండంగుళాలు మందం పెరుగుతుందని కిటికీలు బిగించకముందే మేస్త్రీకి చెప్పాలి. తర్వాత చెబితే కిటికీ కింది గట్టు చాలక వాన నీళ్లు ఫ్రేము పక్కనుంచి దిగుతాయి.

సమస్య: ఏఏసీ కట్టినా గోడలో నిలువు పట్టీల్లా వేడి తగులుతోంది. అవి కాంక్రీటు పిల్లర్లు. వేడి వాటి గుండా దారి చేసుకుంటుంది. పైన చెప్పిన ఎక్స్‌పీఎస్ బోర్డును బయటి వైపు పిల్లర్లు, బీముల మీదుగా పోనివ్వాలి.

సమస్య: బ్లాకు గోడకూ బీముకూ మధ్య పగులు. రెండూ ఒకే తీరున సాగవు, కుంచించుకోవు. ప్లాస్టరింగ్‌కు ముందే అతుకు మీద చికెన్ మెష్ (సన్నని తీగ జాలీ) కొట్టించాలి.

సమస్య: విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో గది లోపల థర్మోకోల్ పెట్టి జిప్సం బోర్డు కొట్టించారు, ఇప్పుడు బూజు వాసన. బయటి తేమగాలి గోడ గుండా ఏసీ చల్లదనం వైపు వచ్చి, బోర్డు వెనక చెమ్మగా మారుతుంది. పైన రంగు మార్చి లాభం లేదు. బోర్డు విప్పి, గోడ ఆరనిచ్చి, ఆ రక్షణను బయటి ముఖానికి మార్చాలి.

ఇల్లు పూర్తయి గృహప్రవేశం కూడా అయిపోతే? మేమున్నది అక్కడే. పడమటి గోడకు తెల్లరంగు వేయించి, అడుగు దూరంలో గాలి ఆడేలా తడక కట్టి, దాని మీదికి రాధామనోహరం తీగ పాకించాం. తీగ గుబురుగా అల్లుకున్న రెండో వేసవిలో, రాత్రి పదింటికి ఆ గోడ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగానే ఉంది.