చిన్న బోర్డుపై లినక్స్, నాలుగో పాఠం: కొనేముందు కెర్నెల్‌ని అడగండి

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. మీరు నడపదలుచుకున్న ప్రోగ్రామును ముందు ల్యాప్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్ మీద పెట్టి, అది ఎంత ర్యామ్ తింటుందో ఒక రోజంతా చూసి రాసుకోమన్నాను. ఆ అంకె ఇంకా చేతిలో లేకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ఆ పని చేసుకుని రండి. మనకు కావలసింది ఎంతో తెలియకుండా బోర్డులు (ఒక్క పలక మీదే ఉండే చిన్న కంప్యూటర్లు) చూడటం మొదలుపెడితే, చూసిందల్లా కావాలనిపిస్తుంది.

మొదటి పాఠం నుంచి మన ఉదాహరణ ఒక్కటే. పొలంలో మోటారు షెడ్డు, అందులో నేల తేమను, ఎండను నమోదు చేసే పెట్టె. నా దగ్గర ఆ ప్రోగ్రాము, డెబియన్ కలిపి 180 మెగాబైట్ల దగ్గర తిరిగాయి. అంటే 512 మెగాబైట్ల బోర్డు మనకు ధారాళంగా సరిపోతుంది. నాలుగు గిగాబైట్లు, ఎనిమిది గిగాబైట్లు మనకు అక్కర్లేదు. ఆ డబ్బు మంచి అడాప్టరుకి, బ్యాటరీకి పెట్టండి.

ఇక అసలు విషయం. చాలామంది ముందు వేగం చూస్తారు, తర్వాత ధర చూస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే చూశాను. ఎనిమిది కోర్ల చిప్పు, చవక ధర, పైన అల్యూమినియం హీట్‌సింక్. తెప్పించాను. దానితో వచ్చిన లినక్స్ ఇమేజ్ బూట్ అయింది, బాగానే నడిచింది. కానీ లోపల ఉన్న కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ గుండె, 3.10 వెర్షన్‌ది. అది 2013లో వచ్చింది, 2017 నవంబరులోనే దాని నిర్వహణ ఆగిపోయింది. సరే, కొత్త కెర్నెల్ వేద్దామని కూర్చున్నాను. బోర్డు రాసే లైన్లను ల్యాప్‌టాప్‌లో చూపే సీరియల్ కేబులు తగిలించి తెర ముందు చూస్తుంటే, కెర్నెల్‌ని లేపే యూ-బూట్ అనే చిన్న ప్రోగ్రాము వరసగా తన లైన్లు రాసుకుంటూ వచ్చింది. మెమరీ ఎంతో చెప్పింది, కార్డు దొరికిందని చెప్పింది. చివరికి 'స్టార్టింగ్ కెర్నెల్' అని ఒక లైను, పక్కన మూడు చుక్కలు. ఆ తర్వాత ఏమీ లేదు. కర్సరు అక్కడే కొట్టుకుంటూ ఉండిపోయింది. మూడు రాత్రులు ఆ మూడు చుక్కలు చూస్తూనే గడిచాయి.

అలా ఎందుకవుతుందో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే. మామూలు పీసీలో ఏ పరికరం ఎక్కడుందో అందులోనే ఉండే బయోస్ అనే ప్రోగ్రామే కెర్నెల్‌కి చెబుతుంది. ఆర్మ్ రకం చిప్పుతో వచ్చే చిన్న బోర్డుల్లో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. డోర్ నంబర్లు లేని వీధిలోకి కొత్త పోస్ట్‌మ్యాన్ వచ్చినట్టు ఉంటుంది కెర్నెల్ పని. సీరియల్ పోర్టు ఏ అడ్రసులో ఉంది, కార్డు రీడరుకి కరెంటు ఏ రెగ్యులేటరు నుంచి వస్తుంది, ఇవన్నీ ఎవరో ఒకరు ముందే రాసిపెట్టాలి. ఆ రాసిపెట్టిన కాగితమే డివైస్ ట్రీ. ఒకప్పుడు ఈ వివరాలన్నీ ప్రతి బోర్డుకీ విడివిడిగా కెర్నెల్ కోడ్‌లోనే కుక్కేవారు. ఆ గందరగోళం మీద 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగానే కోప్పడ్డాడు. ఆ తర్వాతే ఆర్మ్ బోర్డులన్నీ డివైస్ ట్రీ దారి పట్టాయి.

కాబట్టి మీరు మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ బోర్డు డివైస్ ట్రీ లైనస్ విడుదల చేసే అసలు కెర్నెల్‌లో ఉందా, లేక తయారీదారు తన దగ్గర దాచుకున్న పాత కాపీలో మాత్రమే ఉందా?

చూసుకోవడం సులువే. కెర్నెల్ సోర్సు విప్పి ఆర్చ్ అనే ఫోల్డరులోకి వెళ్లండి. 64 బిట్ బోర్డయితే ఆర్మ్64, 32 బిట్ అయితే ఆర్మ్. అక్కడి నుంచి బూట్, దాని లోపల డీటీఎస్. ఆల్‌విన్నర్, రాక్‌చిప్, బ్రాడ్‌కామ్ అని చిప్పుల కంపెనీల పేర్లతో ఫోల్డర్లు కనిపిస్తాయి. మీ బోర్డు పేరుతో ఫైలు ఉంటే మంచిదే, కానీ అక్కడితో ఆగకండి. ఫైలు తెరిచి చదవండి. ఈథర్‌నెట్ ఉందా, ఈఎంఎంసీ (బోర్డుకే అతికించిన స్టోరేజి) ఉందా, సెన్సార్లు తగిలించడానికి మీకు కావలసిన ఐటూసీ లైను ఉందా? కొన్ని బోర్డులకు సీరియల్ పోర్టు, కార్డు రీడరు మాత్రమే రాసి వదిలేసి ఉంటారు. అలాంటి బోర్డు బూట్ అవుతుంది, అంతకుమించి మీకు పనికి రాదు.

చిప్పు తరం సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 2012లో వచ్చిన మొదటి రాస్ప్‌బెర్రీ పై, 2015లో వచ్చిన పై జీరో ఆర్మ్‌వీ6 తరానివి. 32 బిట్ ఆర్మ్ కోసం డెబియన్ ఇచ్చే ఆర్మ్‌హెచ్‌ఎఫ్ ప్యాకేజీలు ఆర్మ్‌వీ7 నుంచి పైవాటికే తయారవుతాయి, కాబట్టి ఈ రెండింటి మీద నడవవు. వీటి కోసమే రాస్పియన్ అనే లినక్స్‌ను వేరుగా కట్టాల్సి వచ్చింది. ఎవరైనా పాత జీరో ఉచితంగా ఇస్తే నేర్చుకోవడానికి తీసుకోండి, పొలంలో పెట్టడానికి వద్దు. ఆర్మ్ కాని మరో చిప్పు రకం రిస్క్-ఫైవ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఒక మాట: 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో దానికి తొలిసారి అధికారిక స్థానం దక్కింది. అయినా మొదటి బోర్డుగా దాన్ని నేను సిఫారసు చేయను.

మాడ్యూల్ కొనాలా, పూర్తి బోర్డు కొనాలా అని కొందరు అడిగారు. మాడ్యూల్ అంటే చిప్పు, ర్యామ్, ఒక్కోసారి స్టోరేజి ఉన్న చిన్న ముక్క. పోర్టులన్నీ దాన్ని కూర్చోబెట్టే క్యారియర్ బోర్డు మీద ఉంటాయి. మీరే క్యారియర్ డిజైన్ చేసి పదుల సంఖ్యలో పెట్టెలు కట్టేటప్పుడు అది సరైన దారి. కానీ 2020లో రాస్ప్‌బెర్రీ పై వాళ్ల కంప్యూట్ మాడ్యూల్ 4 వచ్చినప్పుడు, అంతకుముందు ల్యాప్‌టాప్ ర్యామ్ ముక్కలా ఉండే ఆకారం పోయి 55 మిల్లీమీటర్ల పొడవు, 40 వెడల్పు, కింద రెండు కనెక్టర్లు వచ్చాయి. పాత క్యారియర్లలో అది కూర్చోదు. ఒక్క పెట్టె కోసం ఆ తంటా అక్కర్లేదు.

ఇప్పుడు మన షెడ్డుకి వద్దాం. నా వడపోతలో రెండే మిగిలాయి. ఒకటి 2021లో వచ్చిన పై జీరో 2 డబ్ల్యూ, రెండోది 2013 నాటి బీగల్‌బోన్ బ్లాక్. రెండింటికీ 512 మెగాబైట్లే, రెండూ అసలు కెర్నెల్‌లో ఉన్నాయి. జీరో 2లో వైఫై ఉంది, ఊరికే ఉన్నప్పుడు ఒక వాట్ లోపే తాగుతుంది. బీగల్‌బోన్‌కి సుమారు రెండు వాట్లు పడుతుంది, వైఫై లేదు, ఈథర్‌నెట్ మాత్రమే. కానీ తేమ సెన్సార్లు ఇచ్చేది అనలాగ్ వోల్టేజి. రాస్ప్‌బెర్రీ పైలో దాన్ని చదివే పిన్నే లేదు, వేరే చిప్పు తగిలించాలి. బీగల్‌బోన్‌లో అలాంటివి ఏడు ఉన్నాయి. జాగ్రత్త, అవి 1.8 వోల్టుల వరకే తట్టుకుంటాయి. 3.3 వోల్టుల సెన్సారు నేరుగా పెడితే చిప్పు పోతుంది, మధ్యలో రెండు రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించాలి. పైగా దానిలో ఈఎంఎంసీ బోర్డుకే అతికించి ఉంటుంది. కరెంటు పోయి వచ్చే చోట మెమరీ కార్డు కంటే నాకు దాని మీదే నమ్మకం. అందుకే షెడ్డుకి బీగల్‌బోన్ అంటున్నాను. ఇంట్లో వైఫై పక్కన, డిజిటల్ సెన్సారుతో అయితే జీరో 2 చాలు.

కరెంటు లెక్క వేద్దాం. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ అంటే 84 వాట్-అవర్లు. సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది, కాబట్టి 42. అయిదు వోల్టులకు దించే కన్వర్టరులో కొంత పోతుంది, 36 అనుకోండి. రెండు వాట్ల బోర్డు 18 గంటలు నడుస్తుంది. అదే మూడు వాట్ల పై 4 అయితే 12 గంటలే. రాత్రంతా కరెంటు లేకపోయినా తెల్లారేదాకా నడవాలంటే తేడా ఎక్కడుందో మీకే కనిపిస్తుంది.

కేబులు విషయంలో పిసినారితనం వద్దు. రాస్ప్‌బెర్రీ పైలలో చాలావరకు సరఫరా 4.63 వోల్టుల కిందికి జారగానే హెచ్చరిక రాస్తాయి. సన్నని పొడవాటి కేబులులోనే అర వోల్టు పోవచ్చు. రేకుల షెడ్డులో మే నెల వేడి సంగతీ మరవకండి, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో బోర్డు పెట్టకండి.

ఇంకొకటి, గడియారం. ఈ రెండు బోర్డుల్లో దేనికీ కరెంటు లేనప్పుడు టైము నిలుపుకునే బ్యాటరీ లేదు. నెట్ లేని షెడ్డులో కరెంటు పోయి వస్తే బోర్డు పాత తేదీతోనే లేస్తుంది, రీడింగులన్నీ ఆ పాత తేదీ మీదే పడతాయి. డీఎస్3231 అనే చిన్న గడియారం ముక్క, దానికో నాణెం సెల్లు ఇప్పుడే కొనే చిట్టాలో రాసుకోండి.

ఈ వారం పని. మీ మనసులో ఉన్న బోర్డు డివైస్ ట్రీ ఫైలు వెతికి తెరవండి. మీకు కావలసిన పోర్టులు అందులో ఉన్నాయో లేవో ఒక్కొక్కటే టిక్కు పెట్టుకోండి. తర్వాత పైన చేసిన బ్యాటరీ లెక్క మీ అంకెలతో వేయండి. వచ్చే పాఠంలో బోర్డు విప్పి మూడు తీగలు తగిలిస్తాం: గ్రౌండు, టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది). సీరియల్ కేబులు 3.3 వోల్టులదే తెచ్చుకోండి, 5 వోల్టులది వద్దు.