వానలు పడకముందే ఆటోమేటిక్ గేటుకు చేయాల్సినవి

స్లైడింగ్ గేటు పని రోహిణి కార్తె ఎండలుండగానే చూసుకోవాలి.

ముందు మెయిన్ ఆపండి. రెండు చివర్లా గేటును ఆపే ఇనుప అడ్డులు (స్టాపర్లు) ఉన్నాయో చూసుకోండి. తాళంచెవి తిప్పి మోటారు గేరు విడిపించి, గేటును చేత్తో నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకు తొయ్యండి. సాఫీగా కదలాలి. పట్టేస్తే లోపం వీటిలో ఒకటి: ట్రాక్‌లో ఇసుక, అరిగిన చక్రం బేరింగు, లేదా కుంగిన సిమెంటు. చాలామంది ఇది చూడకుండా మోటారు కంట్రోల్ బోర్డులో ఫోర్సు పెంచిస్తారు. మోటారు కొన్నాళ్లు లాగుతుంది, కానీ పిల్లలు అడ్డొచ్చినా ఆగదు. బాగుచేయాల్సింది ట్రాకునూ చక్రాలనూ.

అసలు ప్రాణాల మీదికి తెచ్చేది స్టాపర్లు లేకపోవడం. తోయకముందే రెండు చివర్లా అవి గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. మోటారు తనే ఆపుతుంది కదా అనుకోవద్దు. చివరకు రాగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్ పనిచేయకపోయినా, గేరు విడిపించి గట్టిగా తోసినా గేటు తనను నిలువుగా పట్టి ఉంచే పైనున్న గైడ్ రోలర్లను దాటి మనిషి మీద పడుతుంది. స్టాపర్ లేకుంటే ఆ గేటు కదపకండి, ముందు వెల్డింగ్ చేసేవాళ్లను పిలవండి.

ర్యాకుకూ (గేటుకు బిగించిన పళ్ల పట్టీ) పినియనుకూ (మోటారు పళ్ల చక్రం) మధ్య 1–2 మిల్లీమీటర్ల సందు ఉండాలి. చక్రాలు అరిగితే గేటు దిగి, బరువంతా పినియన్ మీద పడుతుంది. ర్యాకుకు గ్రీజు వద్దు, దుమ్ము పట్టి పళ్లు అరిగిపోతాయి.

వానాకాలంలో బోర్డులు కాలిపోవడానికి చీమలు, బల్లులు పెద్ద కారణం. పొడి చోటు వెతుక్కుంటూ వైర్ల పైపులోంచే వస్తాయి. పైపు నోటిని సిలికాన్‌తో మూయండి, మూత రబ్బరు పగిలితే మార్చండి. బోర్డు మీద పురుగుల మందు కొట్టొద్దు.

తర్వాత గేరును మళ్లీ కలిపి, కరెంటు ఇచ్చి, లీకేజీ వస్తే కరెంటు ఆపే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి. స్విచ్ పడిపోకపోతే దాన్ని మార్చేదాకా మోటారు వాడొద్దు. మోటారు బాడీకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, తడిసిన ఇనుప గేటును ఇంట్లో అందరూ పట్టుకుంటారు. గేటుకు అడ్డొచ్చినవాటిని పసిగట్టే ఫోటోసెల్ అద్దాలు మెత్తటి గుడ్డతో తుడిచి, గేటు మూసుకుంటుండగా అట్టపెట్టె అడ్డుపెట్టండి. వెంటనే ఆగాలి, లేదా వెనక్కి వెళ్లాలి.

గేరు విడిపించే తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. మోటారు గేటు లోపలివైపు ఉంటుంది కాబట్టి, పక్కన చిన్న గేటు లేని ఇళ్లలో కరెంటు పోతే బయటివాళ్లు బయటే. అలాంటిచోట బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి. మెయిన్ ఆపి, గేటు 3 సార్లు తెరిచి మూసి దాన్ని పరీక్షించండి.

ఉరుములు మొదలవకముందే మోటారు ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించేయండి.