యాంటెన్నా టీవీకి సిగ్నల్ పోయిందా? ఆటో స్కాన్ నొక్కే ముందు ఇవి చూడండి

టీవీలో 'నో సిగ్నల్' అని కనిపించగానే చాలామంది రిమోట్ తీసుకుని ఆటో స్కాన్ నొక్కేస్తారు. దయచేసి ఆ పని మొదట చేయకండి. సిగ్నల్ లేని సమయంలో స్కాన్ చేస్తే చాలా టీవీల్లో అప్పటిదాకా దాచి ఉన్న చానళ్ల జాబితా చెరిగిపోతుంది. తర్వాత మీరు వైరు సరిచేసినా బొమ్మ రాదు. 'ఇది కాదేమో లోపం' అనుకుని సరైన వైరునే మళ్లీ పీకుతారు. నేనూ ఒకసారి అలాగే ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

టీవీ వెనక మొదలుపెట్టి, కేబుల్ వెంటే యాంటెన్నా దాకా వెళ్లండి. ఒకసారికి ఒక్కటే మార్చి, ఫలితం చూడండి.

అన్ని చానళ్లూ ఒకేసారి పోతే

ముందు ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐ మీద కాకుండా టీవీ మీదే ఉందో లేదో చూడండి. ట్యూనింగ్ సెట్టింగ్‌లో 'కేబుల్' అని మారిపోయి ఉంటే మళ్లీ 'యాంటెన్నా' అని పెట్టండి.

అది సరిగానే ఉంటే టీవీ వెనక యాంటెన్నా కేబుల్ చివర ఉన్న పిన్ విప్పి చూడండి. నా అనుభవంలో ఎక్కువ లోపాలు దొరికేది ఇక్కడే. ఈ కేబుల్‌ను కోయాక్సియల్ కేబుల్ అంటారు. దాని మధ్యలో ఒక గట్టి తీగ, దాని చుట్టూ జల్లెడలాంటి తీగల అల్లిక ఉంటాయి. ఈ రెండూ ఒకదానికొకటి తగలకూడదు. అల్లికలోంచి వెంట్రుకంత పోగు ఒక్కటి వెళ్లి మధ్య తీగను తాకినా షార్ట్ అయి సిగ్నల్ పోతుంది. మధ్య తీగ విరిగినా, పిన్‌లోకి అందనంత పొట్టిగా ఉన్నా అంతే. చివర రెండు మూడు సెంటీమీటర్లు కోసేసి, కొత్తగా ఒలిచి, పిన్ మళ్లీ బిగించండి. కొత్త కేబుల్ కొనాల్సి వస్తే 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 రకం తీసుకోండి.

తర్వాత బూస్టర్, అంటే సిగ్నల్ బలాన్ని పెంచే పరికరం. యాంటెన్నా స్తంభానికి బిగించిన బూస్టర్‌కు కరెంటు ఇదే కేబుల్ గుండా, ఇంట్లో ఉన్న చిన్న అడాప్టర్ నుంచి వెళుతుంది. ఊడ్చేటప్పుడో, ఫోన్ చార్జర్ పెట్టడానికో ఎవరో ఆ అడాప్టర్ తీసేస్తే కరెంటు లేని బూస్టర్ సిగ్నల్‌ను దాదాపుగా ఆపేస్తుంది. అడాప్టర్ లైటు వెలుగుతోందా చూడండి. అడాప్టర్‌కీ బూస్టర్‌కీ మధ్య స్ప్లిటర్ (ఒక కేబుల్‌ను రెండు మూడు టీవీలకు చీల్చే పరికరం) ఉంటే, అది కరెంటును దాటనిచ్చే రకం అయి ఉండాలి.

బొమ్మ గళ్లు గళ్లుగా పగులుతూ, మాట ఆగి ఆగి వస్తుంటే

పాత అనలాగ్ టీవీలో సిగ్నల్ తగ్గేకొద్దీ తెరమీద చుక్కలు పెరిగేవి. అంటే ముందే హెచ్చరిక ఉండేది. డిజిటల్‌లో అలా కాదు. చిన్నచిన్న తప్పులను టీవీయే దిద్దుకుంటూ బొమ్మను శుభ్రంగా చూపిస్తుంది. తప్పులు ఆ హద్దు దాటితే బొమ్మ ఒక్కసారిగా కూలిపోతుంది. కాబట్టి 'నిన్నటిదాకా బాగానే వచ్చింది' అన్నంత మాత్రాన కేబుల్ బాగున్నట్టు కాదు. టీవీ మెనూలో సిగ్నల్ సమాచారం తెరవండి. బలం, నాణ్యత అని రెండు అంకెలుంటాయి. రెండూ తక్కువైతే కేబుల్‌నో యాంటెన్నానో అనుమానించాలి. బలం నిండుగా ఉండి నాణ్యత పడిపోతే బూస్టర్ మితిమీరిందనో, బయటి తరంగాలు కలుస్తున్నాయనో అనుకోవచ్చు.

వాన పడినప్పుడే చెడితే కేబుల్‌లోకి నీళ్లు దిగాయేమో చూడండి. పైపొర కోస్తే అల్లిక నల్లగానో పచ్చగానో కనిపిస్తుంది. మెరిసే లోహం కనిపించేదాకా కోస్తూ రండి. మీటరు దాటినా నలుపే ఉంటే ఆ కేబుల్ మీద ఆశ వదులుకుని కొత్తది వేయండి.

రెండో టీవీ పెట్టినప్పటినుంచి చెడితే కారణం స్ప్లిటర్. రెండుగా చీల్చినప్పుడు ఒక్కో వైపుకి సగం కంటే తక్కువ సిగ్నలే అందుతుంది. స్ప్లిటర్ తీసేసి నేరుగా పెట్టి చూస్తే వెంటనే తేలిపోతుంది.

గాలి కదలకుండా ఉండే అధిక పీడన వాతావరణంలో దూరపు స్టేషన్ల తరంగాలు వచ్చి మన చానళ్లను చెడగొట్టడం కూడా ఉంది. అప్పుడు దేన్నీ ముట్టుకోకండి. వాతావరణం మారితే అదే సర్దుకుంటుంది.

కొన్ని చానళ్లే పోతే

డిజిటల్ ప్రసారంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద చాలా చానళ్లు కలిసి వస్తాయి. అందుకే అవి గుంపుగా మాయమవుతాయి. ప్రసార సంస్థ ఫ్రీక్వెన్సీ మార్చి ఉంటే స్కాన్ చేయడమే సరైన మందు. దగ్గర్లో కొత్త మొబైల్ టవర్ వచ్చి ఉంటే అది ఇంకో కారణం. ఒకప్పుడు టీవీ వాడిన 700, 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్లను చాలా దేశాల్లో ఇప్పుడు మొబైల్ నెట్‌వర్కులు వాడుతున్నాయి. ఆ తరంగాలు బూస్టర్‌ను ముంచెత్తుతాయి. దీనికి మొబైల్ తరంగాలను అడ్డుకునే ఎల్‌టీఈ ఫిల్టర్ వాడాలి. దాన్ని బూస్టర్ తర్వాత కాదు, ముందు, అంటే యాంటెన్నాకీ బూస్టర్‌కీ మధ్య పెట్టాలి.

ఇక మిగిలింది యాంటెన్నా

వానలో, ఉరుముల్లో, కరెంటు తీగల దగ్గర పైకి ఎక్కకండి. ఒంటరిగా అసలే వద్దు. భయంగా ఉంటే పనివాళ్లను పిలవండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. గాలికి యాంటెన్నా తిరిగిపోయి ఉంటే చుట్టుపక్కల యాంటెన్నాలు ఎటు చూస్తున్నాయో, వాటి కడ్డీలు అడ్డంగా ఉన్నాయా నిలువుగా ఉన్నాయా గమనించి, అలాగే పెట్టండి. కొంచెం తిప్పి, కొన్ని క్షణాలు ఆగి, టీవీ దగ్గర ఉన్నవాళ్లను నాణ్యత అంకె అడగండి. ఆ అంకె ఎక్కడ ఎక్కువుంటే అక్కడ బిగించండి.

అప్పటికీ చానళ్లు కనిపించకపోతే ఇప్పుడు స్కాన్ నొక్కండి. అంతా సవ్యంగా వచ్చాక, బలం, నాణ్యత అంకెలను ఒక కాగితం మీద రాసి టీవీ వెనక అంటించండి. ఈసారి చెడినప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తాయి.