మే నెలలో వాలై వేటకు మినెసోటా వెళ్తున్నారా? ఎండని చూసి కాదు, నీళ్లని చూసి బట్టలు వేసుకోండి

మినెసోటాలో వాలై అనే మంచినీటి చేపని పట్టే సీజన్ మే మధ్యలో వచ్చే ఒక శనివారం మొదలవుతుంది. శుక్రవారం సాయంత్రం నుంచే పడవలు తగిలించుకున్న ట్రక్కులు ఉత్తరం దారి పడతాయి. వాటి వెనకాలే మన తెలుగువాళ్లూ బయల్దేరుతున్నారు, నాలుగు కుటుంబాలు కలిసి క్యాబిన్ తీసుకోవడం, రిసార్ట్‌లో ఒక పడవ అద్దెకు తీసుకోవడం, పిల్లలకి కొత్త గాలాలు కొనడం, సాయంత్రం చేపల పులుసు. చాలా మంచి సరదా, వెళ్లొద్దని అస్సలు అనను. కానీ వెళ్లేముందు ఈ నాలుగు ముక్కలు చదవండి. ఎందుకంటే మిగతా వేసవి అంతా ఒక ఎత్తు, ఈ మొదటి మూడు నాలుగు వారాలు ఒక ఎత్తు.

బయట 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండొచ్చు, టీషర్ట్ వేసుకోవాలనిపిస్తుంది. నీళ్లు మాత్రం ఇంకా 45, 50 దగ్గరే ఉంటాయి, అంటే మన లెక్కలో 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్. కొన్నేళ్లు ఇంకా ఆలస్యం అవుతుంది, 2013లో అయితే సీజన్ తెరిచిన రోజుకి మిల్ లాక్స్ లేక్ మీద మంచు కూడా పూర్తిగా పోలేదు. ఆ నీళ్లలో పడితే ఏమవుతుందో మనలో చాలామందికి ఊహ ఉండదు, ఎందుకంటే మనం ఈత నేర్చుకున్నది బావిలోనో, కాలవలోనో, గోదావరిలోనో, అదీ ఎండాకాలం సెలవుల్లో. "నాకు ఈత బాగా వచ్చు, లైఫ్ జాకెట్ దేనికి" అనే మాట మనవాళ్ల నోట ఎక్కువ వింటాను, నాకు నిజంగా భయం వేసేది ఆ మాట విన్నప్పుడే.

చల్లటి నీళ్లలో పడగానే ఒంటికి షాక్ తగిలి, మన ప్రమేయం లేకుండానే పెద్దగా ఊపిరి లోపలికి లాగేస్తాం. ఆ క్షణంలో తల నీళ్ల కింద ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీళ్లే వెళ్తాయి. విన్నిపెగ్‌లోని మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశారు, తనే మంచు నీళ్లలో దిగి మరీ చూపించారు. ఆయన చెప్పే లెక్క 1-10-1. మొదటి 1 నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత 10 నిమిషాలు చేతులు కాళ్లు మన మాట వింటాయి, స్పృహ పోవడానికి దాదాపు 1 గంట పడుతుంది. ఇవి మంచులా చల్లగా ఉన్న నీళ్లకి చెప్పిన లెక్కలు, మే నీళ్లలో కాస్త అటూ ఇటూ అవుతాయి, కానీ వరస అదే. అంటే చలికి చనిపోయేలోపలే చేతులు పనిచేయక మునిగిపోతాం. ఆ పది నిమిషాల తర్వాత ఎంత గజఈతగాడైనా చెయ్యి ఎత్తలేడు. మిగతా ఆ గంటసేపు తలని నీళ్లపైన ఉంచేది లైఫ్ జాకెట్ ఒక్కటే, అదీ ఒంటిమీద ఉంటేనే. సీటు కింద ఉన్న జాకెట్‌ని నీళ్లలో పడ్డాక వేసుకోవడం దాదాపు అసాధ్యం, వేళ్లు బకిల్‌ని పట్టుకోలేవు.

చట్టం అడిగేది తక్కువే. పడవలో ప్రతి మనిషికీ సరిపోయే జాకెట్ అందుబాటులో ఉండాలి, 10 ఏళ్లలోపు పిల్లలు పడవ కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలి, 16 అడుగులు అంతకంటే పొడవున్న పడవలో, నీళ్లలో పడ్డవాళ్లకి విసిరే తేలే కుషన్ ఒకటి ఉండాలి. నా మాట వింటే మే, జూన్ మొదటి వారాల్లో పెద్దవాళ్లు కూడా రేవు దగ్గర వేసుకున్న జాకెట్‌ని తిరిగి రేవుకొచ్చాకే విప్పండి. గాలి నింపుకునే సన్నటి జాకెట్లు సౌకర్యంగానే ఉంటాయి, కానీ ఈ చలిలో ఫోమ్ జాకెట్టే మేలు, కొంచెం వెచ్చగా కూడా ఉంటుంది. గాలి జాకెట్ వేసుకునేవాళ్లు దాన్ని కోటు పైన వేసుకోవాలి, కోటు లోపల వేసుకుంటే ఉబ్బినప్పుడు ఛాతీ పట్టేస్తుంది. 16 ఏళ్లలోపు పిల్లలకి గాలి జాకెట్ వద్దు. జీన్స్, కాటన్ హూడీ తడిస్తే ఆరవు, ఒంట్లో వేడంతా లాగేస్తాయి. లోపల ఊలు గానీ పాలిస్టర్ గానీ, పైన గాలి దూరని రెయిన్ కోటు, ఇంకో జత పొడిబట్టలు గట్టిగా కట్టిన ప్లాస్టిక్ సంచిలో.

ఇప్పుడు వాలై గురించి ఒక సంగతి. దీని కంటి వెనకాల వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటుంది, మసక వెలుతురులో మిగతా చేపలకంటే బాగా చూడగలదు. అందుకే తెల్లవారుజామున, పొద్దు వాలాక, మబ్బు పట్టినప్పుడు, గాలికి నీళ్లు అలలు కట్టినప్పుడు బాగా పడుతుంది. మధ్యాహ్నం అద్దంలా ఉన్న నీళ్లమీద గంటల తరబడి ఏమీ పడదు, సరిగ్గా గాలి లేచి చీకటి పడేవేళకి వరసగా లాగడం మొదలుపెడుతుంది. అంటే చేపకి ఏది మంచి సమయమో పడవలో ఉన్న మనకి అదే చెడ్డ సమయం. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ చాలామంది చిక్కుల్లో పడేది అక్కడే. కాబట్టి ఎప్పుడు వెనక్కి తిరగాలో రేవులో ఉండగానే మాట్లాడుకోండి, చేప పడుతున్నప్పుడు ఎవరికీ తిరగబుద్ధి కాదు. పడవలో అందరికంటే భయస్తుడు ఎవరో వాళ్ల మాటే చెల్లాలి.

మిల్ లాక్స్ ఉదాహరణ చూడండి. 1,32,000 ఎకరాల సరస్సు, అవతలి ఒడ్డు చాలాచోట్ల కనపడదు, కానీ ఎంత లోతైన చోటైనా 42 అడుగులే. ఇంత పెద్దగా, ఇంత తక్కువ లోతుగా ఉన్న సరస్సులో గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 16 అడుగుల అద్దె పడవకి అవి చాలా ఎక్కువ. పొద్దున ఒడ్డు చాటున ప్రశాంతంగానే ఉంటుంది, గాలి దిక్కు మారాక మీరున్న వైపుకే అలలన్నీ వస్తాయి. గాలి గంటకి 15 మైళ్లు దాటుతుందని ఫోర్‌కాస్ట్ చెబితే చిన్న పడవతో పెద్ద నీళ్లలోకి వెళ్లొద్దు, అంతే. ఆ రోజుకి పక్కనున్న చిన్న సరస్సు చూసుకోండి, మినెసోటాలో వాటికి కొదవ లేదు. అప్పటికే అలల్లో చిక్కుకుంటే వేగం తగ్గించి, పడవ ముక్కుని అలకి కొంచెం ఏటవాలుగా పెట్టి నడపండి, అందరూ కింద, మధ్యలో కూర్చోవాలి. లంగరు ఎప్పుడూ ముందువైపు నుంచే వేయాలి. మోటారు ఉన్న వెనకవైపు తక్కువ ఎత్తులో ఉంటుంది, అక్కడ తాడు కడితే ఒక్క పెద్ద అల చాలు పడవ నిండిపోవడానికి.

ఉరుము వినపడిందంటే ఒడ్డుకే. ఇప్పటి గాలం కర్రలు గ్రాఫైట్‌వి, కరెంటు పారే సరుకు, నీళ్ల మధ్యలో దాన్ని ఎత్తి పట్టుకుని నిలబడకూడదు. ఆఖరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి అప్పుడు దిగండి.

పడవ సంగతి. మినెసోటాలో పడవని రోడ్డు మీద తీసుకెళ్లేటప్పుడు అడుగునున్న డ్రెయిన్ ప్లగ్ తీసేసి ఉండాలి, ఒక సరస్సు నీళ్లతో జీబ్రా మసెల్స్ అనే పరాయి ఆల్చిప్పల లాంటివి ఇంకో సరస్సుకి వెళ్లకుండా ఈ రూలు. మంచి రూలే, కానీ దింపేముందు ప్లగ్ మళ్లీ పెట్టాలని గుర్తుండాలి, లేకపోతే రేవు దగ్గరే పడవ అడుగు నుంచి నీళ్లు ఎక్కుతాయి. ట్రైలర్ తాడు విప్పే మనిషే ప్లగ్ చూడాలని పెట్టుకోండి. మోటారు నడిపే మనిషి కిల్ స్విచ్ తాడు (అది ఊడితే మోటారు ఆగిపోతుంది) జాకెట్‌కి తగిలించుకోవాలి, 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగులలోపు మోటారు పడవల్లో, ఆ స్విచ్ అమర్చి ఉంటే, ఇది ఫెడరల్ చట్టం కూడా. నడిపే మనిషి జారి పడ్డాక మోటారు తిరుగుతూనే ఉంటే ఖాళీ పడవ గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. చీకటి పడేదాకా ఉంటే ఎరుపు, ఆకుపచ్చ, తెల్ల లైట్లు మూడూ వెలుగుతున్నాయో లేదో ఒడ్డునే చూసుకోండి. నడిపేవాళ్లు బీరు ముట్టొద్దు, కారుకి ఉన్న 0.08 హద్దే ఇక్కడా. ఇంకొకటి, పడవ నడపడానికి పర్మిట్ 2025 జులై నుంచి చిన్న వయసు వాళ్లతో మొదలైంది, ఏటా పెద్ద వయసుల వాళ్లకీ పెంచుకుంటూ 2028 కల్లా 1987 జూన్ 30 తర్వాత పుట్టిన అందరికీ వస్తుంది, మీ పుట్టిన తేదీని బట్టి ముందే చూసుకుని ఆన్‌లైన్ కోర్సు చేసేయండి.

ఎవరైనా పడిపోతే మొదటి నిమిషం ఈదొద్దని గట్టిగా అరిచి చెప్పండి, మొహం పైకి పెట్టి తేలుతూ ఊపిరి తీసుకోమనండి. వెంటనే మోటారు ఆపేసి కుషన్ విసరండి, మీరు దూకకండి. పడవ తిరగబడితే ఒడ్డు దగ్గరగా కనపడుతున్నా పడవని వదలొద్దు, వీలైతే దానిమీదికి ఎక్కండి, నీళ్లలోంచి ఎంత పైకి వస్తే అంత మంచిది. బయటికి తీశాక తడిబట్టలు విప్పి, పడుకోబెట్టి, ఛాతీ దగ్గర వేడి అందేలా దుప్పట్లు చుట్టండి. చేతులు కాళ్లు రుద్దొద్దు, నడిపించొద్దు. వెచ్చబడతాడని మద్యం పోయడం చాలా ప్రమాదం, దాంతో ఒంట్లో మిగిలిన వేడి ఇంకా త్వరగా బయటికి పోతుంది. మాట తడబడుతున్నా, వణుకు ఆగిపోయి మత్తుగా ఉన్నా 911కి ఫోన్ చేయండి. ఫోన్ నీళ్లు దూరని పౌచ్‌లో మెడలో ఉండాలి, బ్యాగులో కాదు, జాకెట్‌కి ఒక ఈల కట్టుకోండి. ఉత్తరానికి వెళ్లేకొద్దీ సిగ్నల్ ఉండదు కాబట్టి ఏ రేవు నుంచి ఏ వైపుకి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో క్యాబిన్‌లో ఉన్నవాళ్లకి రాసిచ్చి వెళ్లండి, ఆ టైము దాటితే ఎంతసేపటికి ఫోన్ చేయాలో కూడా చెప్పండి.

ఈ సీజన్‌లోనే ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, వాళ్లనీ పడవ ఎక్కిస్తాం. ఎక్కించండి, కానీ గాలి లేని రోజున, ఒడ్డుకి దగ్గరగా, మధ్యాహ్నంపూట, చేప పడకపోయినా సరే. చీర, చున్నీ పడవలో వద్దు, ప్యాంటు, స్వెటర్ వేయించండి. షుగర్ మందులు, తినడానికేదన్నా వెంట ఉండాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే కొక్కేల దగ్గర కూర్చోబెట్టకండి, చిన్న గాయమైనా రక్తం త్వరగా ఆగదు. నాన్నగారు సరదాగా గాలం వేస్తానన్నా ఆయనకీ లైసెన్స్ ఉండాలి, 16 ఏళ్లు నిండిన ఎవరికైనా కావాలి, బయటినుంచి వచ్చినవాళ్లకి 24 గంటలకి, 72 గంటలకి కూడా ఇస్తారు. నీళ్లు గడ్డకట్టని రోజుల్లో మనిషికి ఒకటే గాలం. ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఎంత పొడవువి అనేది సరస్సుని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది, వెళ్లేముందు రాత్రి డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వెబ్‌సైట్‌లో ఆ సరస్సు పేరుతో వెతికి చూసుకోండి.

హద్దులు కూడా తెలుసుకోవాలి. రెడ్ లేక్‌లో కింది సరస్సంతా, పై సరస్సులో ఎక్కువ భాగం రెడ్ లేక్ తెగవాళ్లది, బయటివాళ్లకి తూర్పు వైపు భాగమే, ఆ గీత దాటకూడదు. లేక్ ఆఫ్ ది వుడ్స్ మీద, రెయినీ నదిలో అవతలి వైపు కెనడా, అక్కడ గాలం వేయాలంటే ఒంటారియో లైసెన్స్ కావాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, భారత పాస్‌పోర్టుతో కెనడా వీసా లేకుండా అటు ఒడ్డున దిగడం కుదరదు. ఆ సరస్సు అవతల ఉన్న నార్త్‌వెస్ట్ యాంగిల్ అనే ముక్క అమెరికాదే అయినా కారులో వెళ్లే దారి మానిటోబా మీదుగా పోతుంది, మ్యాప్‌లో మినెసోటా అని కనపడిందని క్యాబిన్ బుక్ చేసేయకండి. జీపీఎస్‌లో సరిహద్దు గీత కనపడేలా పెట్టుకుని దానికి బాగా ఇవతలే ఉండండి.

వాలై నోటినిండా పళ్లుంటాయి, వీపు రెక్క ముళ్లు, మొప్పల అంచులు కోస్తాయి. అదే గాలానికి నార్తర్న్ పైక్ అనే ఇంకో చేప కూడా పడుతుంది, దాని పళ్లు ఇంకా ఘోరం. నోట్లో వేలు పెట్టొద్దు, పొడవాటి ప్లయర్ లేకుండా పడవ ఎక్కొద్దు. మూడు కొక్కేల ఎరతో గింజుకునే పైక్‌ని చేత్తో పట్టుకుంటే ఒక కొక్కెం దాని నోట్లో, ఇంకొకటి మన చేతిలో దిగుతుంది, అందుకే వల వాడండి, ముందు చేపని కదలకుండా చేయండి. పిల్లలు గాలం విసిరేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు, అందరికీ కళ్లజోడు ఉంటే మంచిది. కొక్కెం వేలిలో దాని ముల్లుదాకా దిగితే వెనక్కి పీకొద్దు, ప్లయర్‌తో గాలం దారం కత్తిరించి క్లినిక్‌కి వెళ్లండి, టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుంచుకోండి. కంటి దగ్గరైతే అసలు ముట్టుకోకుండా కప్పేసి ఎమర్జెన్సీకి.

ఒడ్డున గడ్డిలో, పొదల్లో జింక పేలు ఎక్కువ, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. రాత్రి స్నానం చేయించేటప్పుడు పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక చూడండి. కరుచుకుని ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మం దగ్గరగా పట్టుకుని తిన్నగా పైకి లాగాలి.

పట్టిన చేపని వెంటనే ఐసులో పెట్టండి. ఇంటికి తెచ్చే ముక్కలమీద ఒక అంగుళం మేర పొలుసుతో చర్మం వదలాలి, ఏ చేపో తనిఖీ చేసే వార్డెన్‌కి తెలియాలి కదా. ఈ మంచినీటి చేపల్లో బద్దెపురుగు ఉండొచ్చు, వేపుడైనా పులుసైనా ముక్క మధ్యలో 145 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి. పాదరసం మాత్రం వండినా పోదు, కండలోనే ఉంటుంది, చేప పెద్దదయ్యేకొద్దీ ఎక్కువ. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు, 15 ఏళ్లలోపు పిల్లలు 20 అంగుళాలు దాటిన వాలై, 30 అంగుళాలు దాటిన పైక్ తినకూడదనీ, అంతకంటే చిన్నవైతే నెలకి ఒక్కసారేననీ మినెసోటా ఆరోగ్య శాఖ చెబుతుంది. వాళ్లకోసం విడిగా సన్‌ఫిష్, క్రాపీ, పెర్చ్ అనే చిన్న చేపలు నాలుగు పట్టండి, అవి చాలా సరస్సుల్లోవైతే వారానికి ఒకసారి పెట్టొచ్చు. కొన్ని సరస్సులకి ఇంకా గట్టి సూచనలు ఉంటాయి కాబట్టి మీరు వెళ్లే సరస్సు పేరు ఆ జాబితాలో కూడా చూసుకోండి.